హోటల్ భోజనంలో సలాడ్: బల్ల మీద మిగిలిపోతున్న పళ్ళెం

విజయనగరంలో గంటస్తంభం పరిసరాల్లోనైనా, శ్రీకాకుళంలో డే అండ్ నైట్ కూడలి వైపునైనా, ఆదివారం రాత్రి ఏ ఫ్యామిలీ రెస్టారెంట్‌లో కూర్చున్నా భోజనం ఇంచుమించు ఒకే వరుసలో సాగుతుంది. ముందు సూపో చికెన్ 65నో వస్తుంది. దాని వెనక బిర్యానీ వస్తుంది. బిర్యానీతో పాటు ఒక చిన్న పళ్ళెంలో చక్రాలుగా తరిగిన ఉల్లిపాయ, నాలుగు కీర దోస ముక్కలు, రెండు క్యారెట్ బిళ్ళలు, ఒక బీట్‌రూట్ బిళ్ళ, నిమ్మచెక్క వస్తాయి. నిమ్మచెక్కను బిర్యానీ మీద పిండుతారు, ఉల్లిపాయను నంజుకుంటారు, తక్కినవన్నీ బల్ల తుడిచేటప్పుడు ఎంగిలి ప్లేట్లతో కలిసి లోపలికి వెళ్ళిపోతాయి. మెనూ కార్డులో గ్రీన్ సలాడ్ అని ఒక పేరు, దాని ఎదురుగా ఒక ధర ఉన్నాయన్న సంగతి చాలామందికి గుర్తుకు కూడా రాదు.

ఆ పళ్ళానికి దక్కుతున్న దానికన్నా ఎక్కువ శ్రద్ధే దక్కాలి. రెస్టారెంట్ వంటగది నుంచి బయటికి వచ్చే పదార్థాల్లో మసాలా, కాగే నూనె, నిప్పు, వీటిలో ఏ ఒక్కదాని సాయమూ లేకుండా వచ్చేది దాదాపుగా అదొక్కటే. మిగిలిన ప్రతి వంటకంలోనూ సరుకులోని లోపాన్ని అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, కాస్త ఎక్కువ కారం కప్పిపుచ్చగలవు. పచ్చి ముక్కలకు ఆ అవకాశం లేదు. కూరగాయ ఎప్పుడు కొన్నారో, ఏ నీళ్ళతో కడిగారో, కత్తికి పదును ఉందో లేదో, కోసి ఎంతసేపు పక్కన పెట్టారో, ఇవన్నీ ఆ పళ్ళెం మీద కంటికి కనిపించే గుర్తులుగా ఉంటాయి. వాటిని చదవడం అలవాటైతే సలాడ్‌ను ఇష్టంగా తినడం తెలుస్తుంది. ఆ వంటగది మొత్తం మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో కూడా తెలుస్తుంది.

సలాడ్‌ను పట్టించుకోకపోవడానికి మన భోజనపు క్రమమే ముఖ్య కారణం. విస్తట్లో పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, పెరుగు అని ఒక వరుస ఉంది. ఆ వరుసలో ప్రతిదీ అన్నంతో కలుస్తుంది. అన్నంతో కలవని అప్పడం, వడియం, ఊరమిరపకాయ పక్కన ఉండి నంజుకోవడానికి పనికొస్తాయి. హోటల్లో వచ్చిన పచ్చి ముక్కలు కూడా సహజంగా ఆ కోవలోకే చేరిపోయాయి. మెనూ కార్డులు అచ్చు వేసేవారు సైతం సలాడ్‌ను పాపడ్, రైతాల సరసనే వేస్తారు. అంతమాత్రాన పచ్చి కూరగాయలు తినడం ఇక్కడివారికి కొత్త అనుకోవడానికి లేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎండాకాలం చోడి అంబలితోనూ, చద్దన్నంతోనూ పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కొరుక్కోవడం ఎప్పటినుంచో ఉన్నదే. శ్రీరామనవమి వడపప్పులో నానిన పెసరపప్పు, కొబ్బరి కోరు, మామిడికాయ తురుము పచ్చివిగానే కలుస్తాయి. పెళ్ళిళ్ళలో వడ్డించే దోసావకాయ కూడా పచ్చి దోసకాయ ముక్కలే. పచ్చి కూరగాయకు విడిగా డబ్బు కట్టడం, భోజనంలో దానికంటూ ఒక వంతు కేటాయించడం మాత్రమే కొత్త.

ఆ వంతు ఎక్కడ ఉండాలన్న విషయంలో ప్రపంచమంతటా ఒకే మాట లేదు. 1వ శతాబ్దపు రోమన్ కవి మార్షల్ తన చిన్న పద్యమొకదానిలో, తాతల కాలంలో విందును ముగించిన లెట్యూస్ అనే సలాడ్ ఆకు ఇప్పుడు విందును ఎందుకు ఆరంభిస్తోందని ప్రశ్నించాడు. అంటే ఈ చర్చ దాదాపు రెండు వేల ఏళ్ళ నాటిది. ఫ్రాన్సులో సంప్రదాయ భోజనంలో ఆకుల సలాడ్ ప్రధాన వంటకం అయిపోయాక, జున్నుకు (చీజ్‌కు) ముందు వస్తుంది. మాంసం, వెన్న తిన్న నాలుకను పుల్లటి ఆకు తేలికపరుస్తుందని దాని వెనక ఉన్న ఆలోచన. ఇటలీలో అది మాంసానికి తోడుగానో, ఆ తరువాతో వస్తుంది. అమెరికా రెస్టారెంట్లు దాన్ని అన్నిటికన్నా ముందు పెడతాయి.

ముందుగా తినడం వల్ల కలిగే ఫలితాన్ని అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచి, 2004లో ప్రచురించారు. భోజనానికి ముందు తక్కువ కేలరీల సలాడ్ 150 గ్రాములు తిన్నవారు ఆ పూట మొత్తం మీద సుమారు 7 శాతం తక్కువ కేలరీలు తీసుకున్నారు. 300 గ్రాములు తిన్నవారిలో ఆ తగ్గుదల 12 శాతం దాకా వెళ్ళింది. అదే సలాడ్‌కు జున్ను, కొవ్వు ఎక్కువున్న డ్రెస్సింగ్ (సలాడ్‌కు పట్టించే నూనె, పులుపుల మిశ్రమం) కలిపి కేలరీలు పెంచినప్పుడు ఫలితం తలకిందులై, మొత్తం భోజనం ఇంకా బరువెక్కింది. కాబట్టి సలాడ్ అన్న పేరుకు ఏ మహిమా లేదు. అందులో ఏముందన్నదే లెక్క. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని అన్నం, రొట్టె వంటివి తరువాత తిన్నప్పుడు భోజనం అయ్యాక రక్తంలో చక్కెర పెరిగే వేగం తగ్గుతుందని మధుమేహం ఉన్నవారి మీద జరిగిన అధ్యయనాలు కూడా చూపించాయి. మూడు పూటలా అన్నం మీదే ఆధారపడే ప్రాంతంలో ఈ సంగతికి విలువ ఎక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా పళ్ళెంలో సగభాగం కూరగాయలు, పండ్లు ఉండాలని చెబుతున్నాయి. బిర్యానీ పూట ఆ సగం ఎక్కడా కనిపించదు.

ఇక్కడి రెస్టారెంట్ల నడతను బట్టి చూస్తే సలాడ్‌కు అన్నిటికన్నా తగిన సమయం ఆర్డర్ ఇచ్చాక మొదటి వేడి పదార్థం వచ్చేలోపు ఉండే విరామం. సెలవు రోజు రద్దీలో తందూరీ రావడానికి ఇరవై నిమిషాలు పట్టవచ్చు. పిల్లలు ఆ సమయంలో ఆకలికి ఆగలేక వేయించిన పాపడాలతో కడుపు నింపుకుంటారు. కీర దోస, క్యారెట్ కోసి తేవడానికి ఐదు నిమిషాలు చాలు. అయితే వంటగది అలవాటు ప్రకారం సలాడ్ బిర్యానీతోనే బయలుదేరుతుంది కనుక, "సలాడ్ ముందు తీసుకురండి, ఇప్పుడే కోసి తెండి" అని సర్వర్‌కు నోరు తెరిచి చెప్పాలి. ఈ రెండు ముక్కలు చెప్పిన బల్లకు, చెప్పని బల్లకు వచ్చే పళ్ళేలలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భోగాపురం, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా సాగే 16వ నెంబరు జాతీయ రహదారి పక్కన దాబాల్లో రోటీతో ఉచితంగా వచ్చే ఉల్లిపాయ, పచ్చిమిర్చి సాయంత్రమే గంపెడు కోసి ఉంచినవి అయ్యే అవకాశం ఎక్కువ. డబ్బు కట్టి అడిగి తెప్పించుకున్న పళ్ళెం మీద మాత్రం తినేవారికి ఒక హక్కు ఉంటుంది. బాగులేకపోతే వెనక్కి పంపవచ్చు.

బల్ల మీదికి వచ్చిన గ్రీన్ సలాడ్‌ను కాస్త దగ్గరగా చూస్తే చాలా తెలుస్తుంది. కీర దోసలో సుమారు 95 శాతం నీరే. అప్పుడే కోసిన ముక్క అంచు నుంచి మధ్య దాకా ఒకే మట్టంగా, తడిగా మెరుస్తుంది. కోసి గంట దాటితే తొక్క దగ్గర అంచు పైకి లేచి, గింజల చుట్టూ ఉన్న భాగం కుంగి, ముక్క చిన్న గిన్నెలా వంగుతుంది. ముక్క చేదుగా ఉంటే అది కుకుర్బిటాసిన్లు అనే పదార్థాల వల్ల. అవి తొడిమ వైపు, తొక్క కింద ఎక్కువగా ఉంటాయి. ఇళ్ళలో తొడిమ కొన కోసి, దానితోనే నురగ వచ్చేదాకా రుద్దే అలవాటు ఉంది. రుద్దడం కన్నా ఆ కొనను కాస్త లోతుగా కోసి పారేసి, మిగిలిన దాన్ని రుచి చూడడం నమ్మదగిన పద్ధతి. పళ్ళెంలో చేదు ముక్క వచ్చిందంటే వంటగదిలో ఎవరూ ఆ దోసకాయను నోట్లో వేసుకుని చూడలేదని అర్థం.

క్యారెట్ ఇంకా సూటిగా చెబుతుంది. దాని కోత మీద తెల్లటి పొడిలాంటి పూత కనిపిస్తే అది బూజు కాదు, పై పొర ఎండిపోవడం. తిన్నందువల్ల హాని ఏమీ లేకపోయినా ఆ బిళ్ళ గాలికి చాలాసేపు ఉందని మాత్రం ఖాయం. తాజా కోత నారింజ రంగులో తడి తడిగా ఉంటుంది, కొరికితే తీపి ముందు తగులుతుంది. క్యారెట్‌ను అర అంగుళం మందాన బిళ్ళలు కొట్టడం మన హోటళ్ళలో పాతుకుపోయిన అలవాటు, మంచి అలవాటు కాదు. అంత గట్టి బిళ్ళను బిర్యానీ మధ్యలో నమిలే ఓపిక ఎవరికీ ఉండదు. అదే క్యారెట్‌ను నిలువుగా సన్నని పుల్లలుగానో, పీలర్‌తో పలుచని రిబ్బన్లుగానో తీస్తే పళ్ళెం మొదట ఖాళీ అయ్యేది అక్కడే. బీట్‌రూట్ విషయంలో ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. పచ్చి బీట్‌రూట్ మందపు బిళ్ళ దాదాపు ఎవరూ తినరు. పైగా దాని ఎర్ర రంగు నీటిలో సులువుగా కరిగి పక్కనున్న కీర దోసకు, ఉల్లిపాయకు అంటుకుని పళ్ళేన్నంతా పాడుచేస్తుంది. దాన్ని తురిమి, నిమ్మరసం పిండి, ఒక పక్కగా పెడితే మట్టి వాసన తగ్గి తీపి బయటికి వస్తుంది. బల్ల మీద సలాడ్ మిగిలిపోవడానికి తినేవారి అయిష్టం కన్నా కోసిన తీరే ఎక్కువ సందర్భాల్లో కారణం.

ఉల్లిపాయ కథ వేరు. కోయనంతవరకు దానికి ఘాటు ఉండదు. కత్తి పడి కణాలు చితికినప్పుడు వేరువేరు గదుల్లో ఉన్న గంధకపు పదార్థాలు, ఒక ఎంజైము కలిసి కొత్త రసాయనాలు పుడతాయి. కళ్ళు మండించేదీ, గాలికి వదిలేసిన కొద్దీ ముతక వాసనగా మారేదీ అవే. మొండి కత్తి కణాలను కోయకుండా నలుపుతుంది కనుక ఘాటు ఇంకా పెరుగుతుంది. పదునైన కత్తితో పలుచని చక్రాలుగా తరిగి, చల్లటి నీళ్ళలో కొన్ని నిమిషాలు ఉంచి, నీరు పూర్తిగా వంపేస్తే ఘాటు బాగా తగ్గుతుంది, కరకర మిగులుతుంది. ఈ చిన్న పని చేసే వంటగదులు రెండు పట్టణాల్లోనూ ఉన్నాయి, అవి చాలా తక్కువ. పళ్ళెంలో ఉల్లి చక్రాలు విడివిడిగా, నిగనిగలాడుతూ, వాసన కొట్టకుండా ఉన్నాయంటే లోపల పని తెలిసినవారు ఒకరు ఉన్నారని నమ్మవచ్చు.

టమాటాను మాత్రం చివర్లో కోయాలి. ఫ్రిజ్‌లో రోజుల తరబడి ఉంచిన టమాటా సువాసనను కోల్పోతుంది. గది వేడిమికి తెచ్చినా పూర్తిగా తిరిగి రాదు. హోటళ్ళు గట్టిగా ఉంటుందని సగం పచ్చిగా ఉన్న హైబ్రిడ్ రకాన్ని ఎంచుకుంటాయి. చక్రాలు అందంగా వస్తాయి గాని రుచి ఉండదు. రసం ఎక్కువుండే నాటు టమాటాను చక్రాలుగా కాకుండా పెద్ద చీలికలుగా కోస్తే గింజల చుట్టూ ఉండే జిగురు కారిపోదు. టమాటాలోని నోరూరించే రుచి ఆ జిగురులోనే ఎక్కువ. గింజలు తీసి పారేసే వంటవారు తెలియకుండానే రుచిని పారేస్తున్నారు.

ఇక ఉప్పు. పచ్చి కూరగాయ మీద ఉప్పు పడిన క్షణం నుంచి కణాల్లోని నీరు బయటికి రావడం మొదలవుతుంది. పావుగంటలో ముక్కలు మెత్తబడి, పళ్ళెం అడుగున నీరు చేరుతుంది. అందుచేత ఉప్పు, మిరియాల పొడి బల్ల మీదే చల్లుకోవాలి. పళ్ళెం అడుగున నీటి మడుగు ఉంటే ఉప్పు ముందే వేసి ఉండాలి, లేదా కడిగిన ముక్కలను ఆరనివ్వకుండా పేర్చి ఉండాలి. ముక్కలన్నిటి మీద చాట్ మసాలా దట్టంగా చల్లి తెచ్చిన పళ్ళేన్ని కూడా కాస్త అనుమానంగానే చూడాలి. చాట్ మసాలా తప్పేమీ కాదు. కాని తాజాగా కోసిన కీర దోసకు దాని అవసరం రాదు, వాడిన ముక్కకు వస్తుంది. విడిగా చిన్న గిన్నెలో తెమ్మంటే ఆ చిక్కు తీరిపోతుంది.

కడిగి కోసిన ముక్కల దగ్గరే మన సలాడ్ ఆగిపోతోంది, దానికి డ్రెస్సింగ్ అనే మెట్టు లేదు అన్న ఫిర్యాదు ఒకటి ఉంది. అది నిజమే. అయితే ఆ విద్య తెలుగు ఇళ్ళలో లేనిది కాదు. ఫ్రెంచివారి సాధారణ డ్రెస్సింగ్‌లో మూడు వంతుల నూనెకు ఒక వంతు వెనిగర్ పోసి, కాస్త ఆవాల ముద్ద కలిపి గిలకొడతారు. నూనె, పులుపు విడిపోకుండా పట్టి ఉంచేది ఆ ఆవాల ముద్దే. దోసావకాయ చేసే తీరు ఇదే సూత్రం మీద నడుస్తుంది. పసుపుపచ్చని గట్టి దోసకాయను తొక్కతోనే ముక్కలు కోసి, ప్రతి ముక్కనూ చేదు లేదని చూసుకుని, తడి తుడిచి, అప్పుడే కొట్టిన ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, నువ్వుల నూనె పోస్తారు. పొడి ఆవపిండికి ఘాటు అంతగా ఉండదు. దోసకాయ నుంచి ఊరిన నీరు తగిలాకే దానిలోని ఎంజైము పనిచేసి ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. ఊరిన రసం, నూనె రెంటినీ ఆవపిండి చిక్కగా కలిపి ముక్కకు పట్టిస్తుంది. పనసపొట్టు కూరలోనూ, పెరుగు పచ్చడిలోనూ ఆవ పెట్టడం తెలిసిన ఉత్తరాంధ్ర వంటవారికి నువ్వుల నూనె, నిమ్మరసం, ఆవముద్ద, ఉప్పు కలిపి ఒక చక్కని డ్రెస్సింగ్ చేయడం ఎంతమాత్రం కష్టం కాదు. మన నాలుకకు పులుపు కాస్త ఎక్కువ కావాలి కనుక నూనె రెండు వంతులకు తగ్గించుకోవడం మేలు.

ఆకుల సలాడ్‌లో డ్రెస్సింగ్‌ను సరిగ్గా వడ్డించబోయే క్షణంలోనే కలపాలి. ఆకు పైన సన్నని మైనపు పొర ఉంటుంది. నీళ్ళలాంటి పులుపు దాని మీద నుంచి జారిపోతుంది గాని నూనె ఆ పొరలోకి దిగి ఆకును వాడ్చేస్తుంది. నూనె పూర్తిగా మానేయడం కూడా సరికాదు. క్యారెట్, టమాటా, ఆకుకూరల్లో ఉండే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు కొవ్వు తోడైతే తప్ప ఒంటికి సరిగా పట్టవు. మన గ్రీన్ సలాడ్‌లో నూనె చుక్క లేకపోయినా బెంగపడనక్కరలేదు, ఎందుకంటే అదే పూట తినే తందూరీలోనూ బిర్యానీలోనూ కావలసినంత కొవ్వు ఉంటుంది. నిమ్మరసం మాత్రం రుచికే పరిమితం కాదు. అందులోని సి విటమిన్ పప్పులు, ఆకుకూరల్లోని ఇనుమును శరీరం గ్రహించేలా చేస్తుంది.

పెద్ద మెనూ కార్డులున్న చోట సీజర్ సలాడ్, రష్యన్ సలాడ్ అన్న పేర్లు కనిపిస్తున్నాయి. మెక్సికోలోని టిహువానా పట్టణంలో రెస్టారెంట్ నడిపిన ఇటలీ దేశస్థుడు సీజర్ కార్డినీ 1924లో, రద్దీ రోజున వంటగదిలో మిగిలిన రొమైన్ అనే లెట్యూస్ ఆకు, గుడ్డు, జున్ను, వేయించిన రొట్టె ముక్కలతో అతిథుల ముందే కలిపి ఇచ్చిన పదార్థమే సీజర్ సలాడ్ అని చెబుతారు. దాని గొప్పంతా చల్లటి ఆకు కరకరలోనూ అప్పటికప్పుడు కలపడంలోనూ ఉంది. లెట్యూస్ జాతి ఆకు చలి వాతావరణపు పంట. ఎండ ముదిరితే పూకాడ వేసి చేదెక్కుతుంది. కోస్తా ఎండల్లో అది దూరం నుంచి ప్రయాణం చేసి రావలసిందే కనుక ఏప్రిల్, మే నెలల్లో ఈ పట్టణాల్లో సీజర్ సలాడ్ అడగడం అంత తెలివైన పని కాదు. రష్యన్ సలాడ్ 1860ల ప్రాంతంలో మాస్కోలోని ఎర్మిటాజ్ రెస్టారెంట్‌లో లూసియన్ ఒలివియే అనే వంటవాడి చేతిలో పుట్టింది. అప్పట్లో అందులో వేట పక్షి మాంసం వంటి ఖరీదైన సరుకులు ఉండేవి. ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళలో ఉడికించిన బంగాళదుంప, బఠాణీ, అనాస ముక్కలను మయోనైజ్‌లో ముంచి ఆ పేరుతో వడ్డిస్తున్నారు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివరిలో ఏడాది పాటు నిషేధించిందన్న విషయం గుర్తుంచుకుంటే, వేసవి పెళ్ళిళ్ళలో గంటల తరబడి బయట ఉంచిన ఆ గిన్నె జోలికి పోకపోవడమే మంచిదని తోస్తుంది. చెక్కిన పుచ్చకాయ హంసలతో అలంకరించిన సలాడ్ కౌంటర్లలో చూపుకు పెట్టిన శ్రద్ధలో పదోవంతు చల్లదనం మీద పెట్టినా వాటి దగ్గర జనం నిలబడేవారు.

పచ్చి ముక్కలంటే భయపడేవారిని తప్పుపట్టడానికి వీల్లేదు. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, అమీబిక్ విరేచనాలు కలుషితమైన నీటి ద్వారా, కడగని చేతుల ద్వారా పాకుతాయి. వేడి చేస్తే చచ్చే క్రిములు సలాడ్‌లో బతికే ఉంటాయి. నిమ్మరసం పిండితే అంతా శుభ్రమైపోతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. కూరగాయలు కడిగే నీరు తాగడానికి పనికొచ్చేదై ఉండాలి, పచ్చి మాంసం కోసిన పలక, కత్తి ఇటు రాకూడదు, కోసిన ముక్కలు చల్లగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి, కాబట్టి గది వేడిమిలో రెండు గంటలు దాటిన పళ్ళెం ఎంత అందంగా ఉన్నా దాన్ని వదిలేయాలి. వానాకాలంలో క్యాబేజీ, పాలకూర వంటి పొరల ఆకుల్లో మట్టి, పురుగు ఎక్కువగా దాక్కుంటాయి కనుక ఆ నెలల్లో తొక్క తీసి తినే కీర దోస, క్యారెట్, ముల్లంగికి పరిమితం కావడం ఉత్తమం. ఆహార భద్రతా చట్టం కింద రెస్టారెంట్ బిల్లు మీద ఉండవలసిన 14 అంకెల లైసెన్సు నెంబరు కనిపిస్తోందా అన్నది ఒక కనీస పరీక్ష. జనం బాగా వచ్చే వేళలో వెళ్ళడం అంతకన్నా పనికొచ్చే జాగ్రత్త, ఎందుకంటే ఆ వేళల్లో కోసిన ముక్కలు నిలవ ఉండే అవకాశం తక్కువ.

శ్రీకాకుళం జిల్లాకు సంబంధించినంతవరకు ఇంకొక జాగ్రత్త తప్పనిసరిగా చెప్పుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధితో బాధపడేవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ వ్యాధి ముదిరినవారికి, ముఖ్యంగా డయాలసిస్ మీద ఉన్నవారికి, పొటాషియం, ఉప్పు పరిమితి దాటకూడదని వైద్యులు చెబుతారు. టమాటా, బీట్‌రూట్, కొబ్బరి నీళ్ళ వంటి వాటిలో పొటాషియం ఎక్కువ. కీర దోస, క్యాబేజీ, ఉల్లిపాయల్లో తక్కువే గాని, ఎంత తినవచ్చో నిర్ణయించవలసింది వారి వైద్యుడే. సలాడ్ అందరికీ మేలు చేస్తుందని బల్ల దగ్గర బలవంతపెట్టే చుట్టాలు ఈ సంగతి తెలుసుకోవాలి. గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి కూడా బయట కోసిన పచ్చి ముక్కల కన్నా ఇంట్లో కడిగి కోసుకున్నవే మేలు.

ఈ రెండు జిల్లాల రెస్టారెంట్లకు పెద్ద నగరాల్లో సులువుగా దొరకని ఒక వసతి ఉంది. కూరగాయలు పండే ఊళ్ళు పట్టణానికి కూతవేటు దూరంలో ఉన్నాయి. ఉదయం రైతు బజారుకు వచ్చిన ముల్లంగి, కొత్తిమీర ఆ మధ్యాహ్నమే బల్ల మీదికి రాగలవు. న్యూయార్కులోని వాల్డార్ఫ్ హోటల్లో 1890లలో పుట్టిన సలాడ్‌కు ఆపిల్, సెలరీ, మయోనైజ్ చాలాయి. అక్రోటు కాయలు తరువాత వచ్చి చేరాయి. దోరజామ ముక్కలు, పలాస జీడిపప్పు, చిలికిన గట్టి పెరుగు, చిటికెడు మిరియాల పొడితో అటువంటిదే, అంతకన్నా తాజాగా, ఇక్కడ చేయవచ్చు. శీతాకాలంలో లేత ముల్లంగి, పచ్చి బఠాణీ, కొత్తిమీర దొరుకుతాయి. ఎండాకాలంలో మామిడికాయ తురుము, కీర దోస, ఉద్దానం కొబ్బరి కోరు, నానిన పెసరపప్పు కలిపితే నవమి నాటి వడపప్పే చల్లటి సలాడ్ అవుతుంది. వానాకాలానికి ఉడికించిన పల్లీలు, మొక్కజొన్న గింజలు, ఆవిరి పట్టిన పెసర మొలకలు సరిపోతాయి. మొలకలను పచ్చిగా వడ్డించకూడదు, అవి మొలకెత్తే వెచ్చటి తడిలోనే క్రిములూ పెరుగుతాయి.

వీటిలో చాలావరకు వంటగది రోజూ కొనే సరుకులే. కావలసిందల్లా మాంసం పలకకు దూరంగా ఒక విడి పలక, రోజూ పదును పెట్టే ఒక కత్తి, శుద్ధి చేసిన నీళ్ళ కుళాయి, రాత్రి ఏడు నుంచి పది దాకా ఆ పని మాత్రమే చూసే ఒక మనిషి. ఆ మనిషి జీతానికి తగిన ఆర్డర్లు వస్తాయని యజమానికి నమ్మకం కలగాలి. ఇప్పుడు ఒక రాత్రిలో ఒకటి రెండు బల్లలే సలాడ్ అడుగుతున్నాయి గనుక, సాయంత్రం కోసి ఉంచిన గంపలోంచే ఆ పళ్ళెం కూడా వస్తోంది. నలుగురు కూర్చున్న బల్లకు ఒక పెద్ద పళ్ళెం ముందుగా చెప్పి, ఉప్పూ నిమ్మచెక్కా విడిగా తెప్పించుకుని, బిల్లు కట్టేటప్పుడు ముక్కలు బాగున్నాయనో వాడిపోయాయనో కౌంటర్ దగ్గర ఒక మాట చెప్పి వెళ్ళేవారు పెరిగితే, మరుసటి వారానికే ఆ గంప పరిమాణం తగ్గుతుంది.